గవిరమ్మ మూర

నందివలసలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పైడయ్య నమ్మకం. మిగతావాళ్ళ తలకాయలు తలపాగా నిలవడానికే పనికొస్తాయని అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. ఋజువేదిరా అంటే వీధి తలుపు చూపించేవాడు. ఊరికి వెళ్ళేటప్పుడు తలుపుకి తాళం వేసి, తాళంచెవి దానికే దారం కట్టి వేలాడదీసేవాళ్ళు, దొంగ వస్తే తాళం విరగ్గొట్టకుండా. పదేళ్ళయినా ఆ తాళం చెక్కుచెదరలేదు. ఇత్తడి చెంబులు మాత్రం మూడు పోయాయి.

ఇంట్లో ఉండేది నలుగురు. పైడయ్య, భార్య చిన్నమ్మడు, తమ్ముడు సత్తెయ్య, తల్లి గవిరమ్మ. చేసేది పూల వ్యాపారం. ముగ్గురు కడితే గవిరమ్మ కొలిచేది. మోచెయ్యి నుంచి వేలి కొసదాకా మూర. నలభై ఏళ్ళుగా నందివలస ఆడవాళ్ళ జడల్లో ఉన్న మల్లెలన్నీ ఆవిడ కుడిచెయ్యి మీంచి వెళ్ళినవే.

మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతుతున్న రోజులవి. ఒక సోమవారం వీధిలో దండోరా వేశారు. సేర్లు, వీశెలు, గజాలు, మూరలు ఇక చెల్లవట. అన్నీ లీటర్లు, కిలోలు, మీటర్లేనట. పాత కొలతలు ఎవరింట్లో ఉన్నా శుక్రవారం లోగా తాలూకా కచేరీలో అప్పగించాలట, దాచినవాళ్ళకి శిక్ష తప్పదట.

కోమటి వీశె గుండ్లు మూటగట్టాడు. బట్టల కొట్టువాడు గజంబద్ద చంకన పెట్టుకున్నాడు. పైడయ్య ఇల్లంతా వెతికాడు. ఒక్క పాత కొలతే కనిపించింది. అది తల్లి భుజానికి అతుక్కుని ఉంది.

ఆ చెయ్యి కచేరీవాళ్ళు పట్టుకుపోతే అమ్మ అన్నం ఎలా తింటుంది? పైగా వచ్చే ఆదివారం రైసుమిల్లు వారింట పెళ్ళి. పూలన్నీ తామే ఇస్తామని మాటిచ్చారు.

"నలభై ఏళ్ళు కొలిచిన చెయ్యిరా పెద్దోడా," అంది గవిరమ్మ, దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ. "ఒక్క వేలు కూడా తప్పు కొలవలేదు. వీళ్ళకేం పాపం చేసింది?"

"దాచేద్దామమ్మా," అన్నాడు పైడయ్య.

అంతే. అల్యూమినియం బిందె తెచ్చి తల్లి కుడిచేతికి తొడిగాడు. ఎవరైనా అడిగితే బియ్యం వెతుకుతున్నానని చెప్పమన్నాడు. గవిరమ్మ రెండు రోజులు ఖాళీ బిందెలో బియ్యం వెతుకుతూ కూర్చుంది. చిన్నమ్మడు ముద్దలు కలిపి పెట్టింది.

చెయ్యి దాగింది, కానీ పెళ్ళిపూలు కొలవాలంటే మీటరు కావాలి. సత్తెయ్యని పట్నం పంపారు. అక్కడ బట్టల కొట్టు యజమాని ఇనప బద్ద చూపించి, మీటరంటే ఇంత, బాగా గుర్తుపెట్టుకో అన్నాడు. సత్తెయ్య బద్ద రెండు కొసలకీ రెండు అరచేతులు ఆనించి, ఆ దూరం చెడకుండా అలాగే చేతులు చాచుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో ఈగ ముక్కు మీద వాలినా తోలలేదు. ఎదురొచ్చిన బళ్ళవాళ్ళని పక్కకి తప్పుకోమన్నాడు, మీటరు వస్తోందని.

వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు.

"వెళ్ళేటప్పుడు ఆరు మైళ్ళే అన్నయ్యా. ఈలోగా రాళ్ళు మార్చేశారు. తిరుగుదారి పది కిలోమీటర్లయింది."

కొత్త కొలతలతో కాళ్ళకి ఇంత చాకిరీ ఉందని అప్పుడు తెలిసింది వాళ్ళకి. చిన్నమ్మడు మరిది కాళ్ళకి నూనె రాసింది.

ఇంతలో ఇంకో చిక్కు. ఇంటి గుమ్మం ఇరుకు. సత్తెయ్య చేతుల మధ్య మీటరు లోపలికి పట్టలేదు. పక్కకి తిరిగి రమ్మంది చిన్నమ్మడు. తిప్పితే మీటరు వంకరపోతుందని మొగుడు కసిరాడు. ఇల్లు పాతకొలతల్లో కట్టినది కాబట్టి తప్పు ఇంటిదేనని తేల్చాడు. ఇంకేముంది, గునపం తెచ్చి గుమ్మం పక్క మట్టిగోడ కూలగొట్టాడు. మీటరు దర్జాగా లోపలికి వచ్చింది. తలుపు మాత్రం గోడ లేకుండా తాళంతో నిలబడి ఉంది.

మర్నాడు గురువారం. తూనికల ఇన్‌స్పెక్టరు ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చి, తలుపు కొట్టాలో గోడలోంచి రావాలో తెలియక కాసేపు ఆగి, గోడలోంచే వచ్చాడు.

"పెద్దమనిషి వచ్చారు, దణ్ణం పెట్టరా," అన్నాడు పైడయ్య గాభరాగా.

సత్తెయ్య రెండు చేతులూ జోడించాడు. అంతే, పది కిలోమీటర్లు మోసుకొచ్చిన మీటరు అరచేతుల మధ్య నలిగి మాయమైపోయింది. సత్తెయ్య చేతులు విప్పి లోపల చూసుకుని ఘొల్లుమన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆ ఏడుపు ఎందుకో అడగలేదు. ముసలావిడ చేతికి బిందె ఎందుకో అడిగాడు. బియ్యం వెతుకుతున్నానంది గవిరమ్మ. లోపల బియ్యం లేవు కదమ్మా అన్నాడాయన. అందుకే వెతుకుతున్నానంది.

పైడయ్య ఇక దాచలేకపోయాడు. ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"బాబుగారూ, మా ఇంట్లో ఉన్న పాత మూర అదొక్కటే. మా అమ్మది. తీసుకుపోకండి."

చేతులెవరూ పట్టుకుపోరని, మూరతో అమ్మొద్దనే గాని చెయ్యే ఉండకూడదని ఎవరూ అనలేదని ఇన్‌స్పెక్టరు పావుగంట నచ్చజెప్పాడు. వాళ్ళు పావుగంట తలలూపారు. తర్వాత, ఇంతకీ మీటరంటే ఎంతో సెలవియ్యమన్నారు. ఆయన సంచిలోంచి టేపు తీశాడు. ముసలావిడని చెయ్యి చాచమని, టేపు కొస ఆవిడ ముక్కు మీద పెట్టి చేతి వెంబడే లాగాడు. ఖర్మ కాలి టేపు మీద మీటరు గీత సరిగ్గా బిందె అడుక్కి వచ్చి ఆగింది.

"ఇదిగో, ఇదీ మీటరు," అన్నాడు.

"ఇదేనా బాబూ?"

"ఇదే. ఇక బిందె తీసెయ్యండి."

"తియ్యకమ్మా, మీటరు పోతుంది," అని అరిచాడు పైడయ్య.

ఇన్‌స్పెక్టరు టేపు చుట్టుకుని, వచ్చిన గోడలోంచే వెళ్ళిపోయాడు.

ఆ పూట ఇంట్లో పండగే. చెయ్యి దక్కింది, పైగా సర్కారువారే కొలిచి ఇచ్చిన మీటరైంది. ముక్కు కొస నుంచి బిందె అడుగు దాకా. ఇక మీద వీధిలో పెళ్ళి ఊరేగినా, పోట్లాట జరిగినా తల పక్కకి తిప్పొద్దని పైడయ్య తల్లికి గట్టిగా చెప్పాడు. పెళ్ళిపూలకి ఢోకా లేదనుకుని అందరూ అన్నాలకి లేచారు.

అప్పుడు అంది చిన్నమ్మడు, "మరి అత్త ఎడంచెయ్యో?"

అందరూ ఆ చెయ్యి చూశారు. అదీ మూరే. పైడయ్య తన చేతులు చూసుకున్నాడు. సత్తెయ్య తనవి చూసుకున్నాడు. రేపే శుక్రవారం. ఇల్లంతా కలిపి ఏడు మూరలు పాతవి.

ఇంకేముంది. ఇంట్లో ఇంకో మూడు బిందెలున్నాయి. చిన్నమ్మడు పొరుగింటి రాములమ్మ దగ్గర నాలుగు అడిగి తెచ్చింది. ఒకరికొకరు తొడుక్కున్నారు. చివరి బిందె తొడగడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు. నీళ్ళకి పోదామంటే బిందెల్లేక, తనవి తీసుకుపోదామని వచ్చిన రాములమ్మనే ఆ సాయం అడిగారు.

రాములమ్మ నలుగురినీ, ఎనిమిది బిందెల్నీ చూసింది. మూల తడిగుడ్డ కింద మల్లెమొగ్గలు గంపెడున్నాయి.

"చేతులన్నీ బిందెల్లో పెట్టుకుంటే ఆదివారానికి పూలెవరు కడతారు తమ్ముడూ?" అంది.

ఊరివాళ్ళ తెలివి ఇంతే కదా అని పైడయ్య జాలిగా నవ్వాడు.

"మీటరు వచ్చేసింది కదా అప్పా. ఇంక చేతులతో పనేముంది?"