మూతలు బిగించాక

ఆ పొద్దున మాలకొండయ్య కోపం నషాళానికి అంటింది.

తెల్లారేసరికి ఆశ్రమం గేటు దగ్గర తిరుపాలు కూర్చుని ఉన్నాడు. కూర్చుంటే కూర్చున్నాడు, చెన్నమ్మవ్వ వాణ్ణి లోపలికి పిలిచింది. పిలిస్తే పిలిచింది, కొత్తల్లుడు వచ్చినట్టు తన చేత్తో సజ్జరొట్టె పెట్టి, "ఇంకోటి వేసుకో నాయనా" అంటోంది!

కనిగిరి అవతల మెట్టచేల మధ్య ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి చెన్నమ్మవ్వే గురువు, పనులన్నీ చూసుకునేది మాలకొండయ్య. అక్కడ విగ్రహం లేదు, హుండీ లేదు. అవ్వ ఉపదేశాలు చేసే మనిషి కూడా కాదు. సోమవారం పొద్దున చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి తత్వాలు పాడుకుంటారు. పాటలు అయిపోగానే ఆశ్రమం కారు బయలుదేరుతుంది. ఎవరో ఇచ్చిన పాత కారు అది. కిడ్నీలు చెడినవాళ్ళని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, డయాలసిస్ చేయించి, సాయంత్రానికి ఇళ్ళకు చేరుస్తుంది. ఆ కారు తోలేవాడు తిరుపాలు.

తోలేవాడు అంటే, నాలుగు నెలల కిందటి మాట. ఒక ఆదివారం వాడు పీకలదాకా తాగొచ్చి, కారు లైట్లు ఆర్పకుండా అందులోనే పడి నిద్రపోయాడు. తెల్లారేసరికి బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. నెట్టి స్టార్టు చేద్దామంటే డ్రైవరుకే కాళ్ళు నిలవడం లేదు. డయాలసిస్‌కు వెళ్ళాల్సిన హనుమాయమ్మకు అరుగు మీద ఊపిరి అందడం లేదు. మొహం, కాళ్ళు నీరు పట్టి ఉబ్బిపోయాయి. చివరికి ఎవరిదో ట్రాక్టరు దొరికితే, దాని వెనక ట్రక్కులో గడ్డి పరిచి ఆవిణ్ణి పడుకోబెట్టారు. దారి పొడుగునా ఆవిడ తల మాలకొండయ్య ఒళ్ళోనే ఉంది. గుంటలో చక్రం పడ్డప్పుడల్లా ఆవిడ ఊపిరి ఉందో లేదో చూసుకుంటూ వెళ్ళాడు.

ఆవిడ బతికింది. మాలకొండయ్య మాత్రం ఆ దారి మర్చిపోలేదు. తిరిగొచ్చిన వెంటనే తిరుపాలు చొక్కా పట్టుకుని గేటు బయటికి తోశాడు.

కోపం రాదా మరి? రాకపోతేనే తప్పు. పైగా మాలకొండయ్య ఉద్యోగం చేసిందంతా బస్సు డిపోలో, బ్యాటరీల దగ్గర. తాగుడు సంగతి దేవుడెరుగు, బండి ఆపాక ఒక్క స్విచ్చి కట్టడం చేతకానివాణ్ణి చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు అవ్వ ముందు నిలబడి. "వాడు చేసిన పని మర్చిపొయ్యారా?"

"లేదు."

"మరి రొట్టె పెడతన్నారు!"

"ఆకలితో ఉన్నాడు."

తిరుపాలు తల ఎత్తలేదు. చిక్కిపోయాడు. "తాగుడు మానేశా పెద్దయ్యా. చెల్లెలి ఊళ్ళో ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోతన్నా. మూడు నెలలైంది, ముట్టుకోలా."

"నువ్వు మాట్లాడబాక!" అని కసిరాడు మాలకొండయ్య. మళ్ళీ అవ్వ వైపు తిరిగాడు. "రేపు సోమవారం. అందరూ వస్తారు. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టాల. చేసిందంతా నేను చెప్తా, వాడు ఇనాల. హనుమాయమ్మ కాళ్ళు పట్టుకోవాల. కారు తాళాల మాట ఆ తర్వాత. ఇందులో అన్యాయం ఏవన్నా ఉందా చెప్పండి!"

"ఏం లేదు. న్యాయమే," అంది అవ్వ.

మాలకొండయ్య తెల్లబోయాడు. అవ్వ కాదంటుందని, తను వాదించాలని మాటలన్నీ కూడగట్టుకుని వచ్చాడు.

"ముందు కారు సంగతి చూడు నాయనా," అంది అవ్వ. "అద్దె ఆటోవాడు రేపు రాలేనన్నాడు. నాలుగు నెలల్నించీ అది మూల పడి ఉంది గదా."

అదీ నిజమే. తిరుపాలు మీద కోపంతో మాలకొండయ్య ఇన్నాళ్ళూ ఆ కారు మొహం చూడలేదు. వారానికోసారి ఇంజను తిప్పించి ఉంటే బ్యాటరీ కాస్తో కూస్తో నిలిచేది. బ్యాటరీల మేస్త్రి ఉన్న చోటే బ్యాటరీ చచ్చింది. దీపం కింద చీకటి అంటే ఇదే. ఈ మాట ఆయనతో అనే ధైర్యం ఆశ్రమంలో ఎవరికీ లేదు.

కారు ఉన్న షెడ్డుకు వెళ్ళేముందు ఆయన ఇంకో పని చేశాడు. షెడ్డు పక్కనే కందులు పోసుకునే చిన్న గది ఉంది. తిరుపాలును అందులోకి పొమ్మన్నాడు. "రేపు అందరూ వచ్చిందాకా ఇందులోనే ఉండు. బయటుంటే సారాకొట్టు దగ్గర తేలతావు. నీ సంగతి నాకు తెలవదా!"

తిరుపాలు లోపలికి వెళ్ళాడు. మాలకొండయ్య బయట గొళ్ళెం పెట్టాడు.

కారు ముందు మూత ఎత్తగానే ఆయన చేతులకు పాత పని గుర్తొచ్చింది. ముందు నల్ల వైరు ఊడదీశాడు, తర్వాత ఎర్రది. బ్యాటరీని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. వైర్లు తగిలించే కొనల మీద తెల్లగా చిలుము పట్టి ఉంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి, పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచాడు. మూతలు ఒక్కొక్కటే విప్పి లోపలికి చూశాడు. నీళ్ళు ఇంకిపోయి సీసపు పలకలు పైకి తేలి ఉన్నాయి. "అయ్యో, ఎంత ఎండిపొయ్యావే," అంటూ సీసాలోని డిస్టిల్డ్ వాటరు పలకలు మునిగేదాకా జాగ్రత్తగా పోశాడు. ఛార్జరు ఎర్ర క్లిప్పు ఒక కొనకు, నల్ల క్లిప్పు ఇంకో కొనకు తగిలించాడు. అప్పుడు స్విచ్చి వేశాడు. ఛార్జరు ముల్లు కొంచెంగా కదిలింది.

"తొందరేం లేదు. మెల్లగా ఎక్కు," అన్నాడు బ్యాటరీతో.

బ్యాటరీతో అంత మెత్తగా మాట్లాడిన నోరే గొళ్ళెం పెట్టిన తలుపు వైపు తిరిగితే మాట మారిపోయేది. ముల్లు చూడ్డానికి వచ్చినప్పుడల్లా తలుపు అవతలికి వినబడేలా ఒక మాట విసిరేవాడు. "ఆడమనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే నోరు తెరుచుకుని నిద్రపొయ్యావు గదరా!" అని ఒకసారి. "ఆమె పోయుంటే ఏ మొహం పెట్టుకుని వచ్చేవాడివి?" అని ఇంకోసారి. రేపు అందరి ముందూ అనవలసినవన్నీ ముక్కలు ముక్కలుగా ఇవాళే అనేస్తున్నాడు. అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ జరిగినవే.

మధ్యాహ్నం అవ్వ పంపిన అన్నం తిరుపాలు ముట్టలేదు. పొద్దువాలుతుండగా లోపలినుంచి సన్నగా గొంతు వినబడింది.

"పెద్దయ్యా, గొళ్ళెం తియ్యి. నేను పోతా."

"ఎక్కడికి పోతావు?"

"ఏమో. ఎక్కడికో ఒక కాడికి. అందరి ముందూ నా వల్ల కాదు."

మాలకొండయ్య గొళ్ళెం తీయలేదు. గబగబా అవ్వ దగ్గరికి నడిచాడు.

"చూశారా! నేను ముందే చెప్పలా? పోతానంటన్నాడు. ఇక్కణ్ణించి నేరుగా కొట్టుకే పోతాడు. మారినోడు చేసే పనేనా అది?"

అవ్వ ప్రమిదలో వత్తి సర్దుతోంది. "బ్యాటరీ ఎట్టా ఉంది?" అని అడిగింది.

మాలకొండయ్యకు ఒళ్ళు మండింది. తను మనిషి సంగతి చెబుతుంటే ఈవిడ బ్యాటరీ సంగతి అడుగుతుంది! అయినా అడిగింది గురువు.

"ఎక్కతా ఉంది."

"నేను పారెయ్యాలేమో అనుకున్నా."

"ఎందుకు పారేస్తామమ్మా!" అన్నాడు నొచ్చుకుని. "దిగిపోయినంత మాత్రాన పాడైపోయినట్టేనా? ఓపిగ్గా ఎక్కిస్తే వస్తది. డిపోలో ఇట్టాంటివి ఎన్ని లేపానో మీకేం తెలుసు!"

అవ్వ తలూపింది.

సందెవేళ అయింది. చీకటి పడేముందు ప్రతి గదికీ దీపం చూపించడం అవ్వ అలవాటు. ఆ రోజు వంటిల్లు, పాటల సావిడి అయ్యాక, ఎన్నడూ లేనిది, షెడ్డు వైపు నడిచింది. బల్ల దగ్గర ఉన్న మాలకొండయ్య తల ఎత్తేసరికి అవ్వ గుమ్మంలో ఉంది. అరచేయి అడ్డుపెట్టుకుని, వెలుగుతున్న ప్రమిదతో లోపలికి అడుగు వేయబోతోంది.

"అమ్మా! ఆగండి!"

ఆయన కేకకు చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. చేతులు రెండూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. గురువు ముందు ఎన్నడూ గొంతు పెంచనివాడు ఇప్పుడు ఒళ్ళు తెలియకుండా అరుస్తున్నాడు.

"ఏవనుకుంటన్నారమ్మా మీరు? మంట తెస్తారా ఇక్కడికి? పేలిపోద్ది! యాసిడ్డు కళ్ళల్లో పడితే ఏంగాను? పెద్దోళ్ళు, మీకయినా తెలవొద్దా!"

అవ్వ గడపకు అవతలే ఆగింది. "బ్యాటరీలో నీళ్ళు ఎంతున్నాయో చూద్దామని వచ్చా. కళ్ళు ఆనడం లేదు." దీపం చేతిలోనే ఉంది. "నాలుగు నెలల్నించీ ఈ షెడ్డులోనే ఉంది గదా మాలకొండయ్యా. పక్కనే నువ్వు చెత్త తగలబెట్టావు. అప్పుడేం కాలా?"

"అప్పుడది చచ్చి పడుందమ్మా! చచ్చినదాని పక్కన ఏం పెట్టినా ఏం కాదు. ఇప్పుడు ఎక్కతా ఉంది. ఎక్కేటప్పుడు లోపల్నించి గ్యాసు వస్తది. ఇదిగో, బుడగలు ఇనబళ్ళా? చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే మూతలు వదులు చేసి, తలుపులన్నీ తీసి పెట్టా. గాలి ఆడాల. మూసిన గదిలో ఎక్కించకూడదు. డిపోలో మొదటి రోజు నేర్పేది అదే!"

"అయితే దీనికి ఎప్పుడూ దీపం చూపించకూడదా?"

"ఎందుకు చూపించకూడదు? పూర్తిగా ఎక్కనివ్వండి. స్విచ్చి కట్టి, క్లిప్పులు తీసి, కాసేపు ఆరనిచ్చి, మూతలు బిగించాక మీ ఇష్టం. ఎంత దీపమైనా చూపించుకోండి."

"అట్టాగా," అంది అవ్వ.

ప్రమిద పైకెత్తి ఉఫ్‌మని ఊదింది. ఆరిన దీపాన్ని మాలకొండయ్య చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ప్రమిద ఇంకా వెచ్చగా ఉంది. అవ్వ మీద అరిచినందుకు మాలకొండయ్యకు సిగ్గేసింది. ఆవిడ ఎదురు చెప్పకుండా అంతా విని వెళ్ళినందుకు ఇంకా సిగ్గేసింది. బల్ల మీద బ్యాటరీ సన్నగా బుడబుడమంటోంది. గొళ్ళెం పెట్టిన గదిలోంచి ఏ చప్పుడూ లేదు. పొద్దున్నించీ తను ఆ తలుపు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడో, వెళ్ళి ఏమేం అన్నాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

ప్రమిదను బల్లకు దూరంగా కింద పెట్టాడు. వెళ్ళి గొళ్ళెం తీసి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.

కందుల బస్తాకు ఆనుకుని కూర్చున్న తిరుపాలు ఉలిక్కిపడి లేచాడు. "అప్పుడే అందరూ వచ్చారా పెద్దయ్యా?"

"రాలా," అన్నాడు మాలకొండయ్య. "గాలి ఆడుద్దని తీశా. కూర్చో. అన్నం చల్లారిపోయింది, వేడిది తెస్తా."

మర్నాడు పొద్దున బ్యాటరీని కార్లో బిగిస్తుంటే తిరుపాలు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎర్ర వైరు ముందు, నల్ల వైరు తర్వాత.

తత్వాలు అయిపోయాయి. మాలకొండయ్య లేచి మాట్లాడతాడని ఊరంతా పాకిపోయింది కాబట్టి జనం కదలకుండా కూర్చున్నారు. ఆయన లేచాడు. జేబులోంచి కారు తాళాలు తీసి తిరుపాలు చేతిలో పెట్టాడు.

"టైమవుతుంది. కారెక్కండి," అన్నాడు.

హనుమాయమ్మకు రోషం పొడుచుకొచ్చింది. ఆవిడ రోషానికి కారణం ఉంది కదా. "అదేంది మాలకొండయ్యన్నా! నిన్నంతా ఎగిరెగిరి పడ్డావంట. ఇప్పుడేందీ అడగవా వాణ్ణి? చావబోయింది నేను!"

"అడగాల్సిందే. నువ్వే అడుగుదువు. నేనూ పక్కనుంటా."

"ఎప్పుడు?"

మాలకొండయ్య అవ్వ వైపు చూశాడు. అవ్వ నిన్నటి ప్రమిదను బూడిదతో తోముకుంటోంది. తల ఎత్తలేదు.

"మూతలు బిగించాక," అన్నాడు.

"మూతలు బిగించే ఉన్నాయి పెద్దయ్యా," అన్నాడు తిరుపాలు మెల్లగా. "ఇందాక నేను చూశా."

హనుమాయమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ బ్యాటరీ గోల నాకెందుకు! నేను ముందు సీట్లో కూర్చుంటా. దారి పొడుగునా వీడి మొహమే చూస్తా," అని చీర కుచ్చిళ్ళు పట్టుకుని కారెక్కింది.

తిరుపాలు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.