సింహద్వారం దగ్గర చప్పట్లు

రాజులు పోయినా మాణిక్యపురం కోటను చూడటానికి జనం వస్తూనే ఉండేవారు. కోట అధికారి భుజంగరావు మాత్రం గొప్పవాళ్ళనే లోపలికి పంపేవాడు. కుండలమ్మే గవరమ్మను సింహద్వారం దగ్గరే ఆపేశాడు.

అప్పుడే వచ్చిన అతిథులతో, "ఇక్కడ చప్పట్లు కొడితే కొండమీది దర్బారులో వినిపిస్తాయి. ఎంత పేదవాళ్ళు కొట్టినా రాజుగారు పైకి పిలిపించి మొర వినేవారు. నేనూ అంతే!" అని గొప్పలు చెబుతూ వాళ్ళను పైకి తీసుకెళ్ళాడు.

వాళ్ళు దర్బారు చేరేదాకా ఆగి, గవరమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది.

"ఎవరికో కష్టం వచ్చినట్టుంది, పిలిపించండి" అన్నారు అతిథులు. భుజంగరావుకు పిలిపించక తప్పలేదు.

గవరమ్మ రాణివాసం, పూలతోట, ఏనుగులశాల అన్నీ తీరిగ్గా చూసుకుంటూ పైకొచ్చింది.

"ఏమిటే నీ మొర?" అని కసిరాడు భుజంగరావు.

"కోట చూడనివ్వడం లేదని చెప్పుకుందామనుకున్నాను దొరా. దారిలోనే తీరిపోయింది!"