గవిరయ్య చుక్క

ఇత్తడి బిందెలు అటకెక్కి, ప్లాస్టిక్ బిందెలు నట్టింట్లోకి వచ్చిన కాలంలో, అనగనగా ఒక ఓడరేవు ఊళ్లో, గవిరయ్య అనే అతుకులవాడు ఉండేవాడు. ఇత్తడికి సొట్టలు పడతాయి, ప్లాస్టిక్‌కు పగుళ్లు పడతాయి. సొట్టలు తీసేవాళ్లు పోయి అతుకులేసేవాళ్లు వచ్చారు. ఆ సంగతి అలా ఉంచండి.

భుజాన సంచి, సంచిలో చిన్న కుంపటి, ఇనపకడ్డీ. "బకెట్లకు, బిందెలకు అతుకులేస్తాం" అంటూ నలభై ఏళ్లు నడిచాడు. మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుని పనిచేసుకునే చోటు ఒక్కటి దొరికితే చాలనుకునేవాడు. దొరకలేదు.

ఒకనాడు కార్ల షెడ్డు యజమాని మస్తాన్ అతన్ని పిలిచాడు. లోపల ఎవరో బాగుచెయ్యమని ఇచ్చిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. నడుమెత్తు కూడా లేదు. తలుపు కింద నల్లటి ప్లాస్టిక్ పట్టీ జానెడు పగిలింది. అలాంటి పట్టీలు చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది.

"బకెట్ల డాక్టరూ, దీనికి అతుకేస్తావా?"

"బకెట్‌కి వేస్తే నీళ్లు నిలుస్తాయి. దీనికి వేస్తే ఏం నిలవాలి సాయిబూ?"

"నా పరువు. ఇది నిలిస్తే ఇక నువ్వు తిరగక్కర్లేదు. ఆ నీడలో స్టూలు నీదే. నిలవకపోతే నీ వీధులు నీకున్నాయి."

గవిరయ్య స్టూలు వైపు చూశాడు. దానికి మూడు కాళ్లే. అరిగిన రెండు కాళ్లవాడికి అదే ఎక్కువ.

కడ్డీ కాల్చి, పగులు కరిగించి పూడ్చాడు. కారు వెళ్లింది. మూడోనాడు తిరిగొచ్చింది. అతుకు బాగానే ఉంది. పగులు దాన్ని దాటి బెత్తెడు పాకింది.

రాగితీగతో కుట్టి, పైన కరిగించి పూశాడు. కారు వెళ్లింది. మూడోనాడు తిరిగొచ్చింది. కుట్టు బాగానే ఉంది. పగులు దాన్ని దాటి ఇంకో బెత్తెడు పాకింది.

"ఇంకొక్కసారే" అన్నాడు మస్తాన్. "ఆ కారాయన నన్ను చూసి నవ్వుతున్నాడు."

గవిరయ్య ఇంటికెళ్లి గడప మీద కూలబడ్డాడు. భార్య పైడమ్మ పాత చీరలతో బొంత కుడుతోంది.

"ఏటి మావా, అలాగున్నావు?"

"అతికినకాడ బాగుంటాది. దాటి పగులుతాది."

"పగలదా మరి? చిరుగు కొసకి ముందు ముడెయ్యాలి. తరవాత కుట్టుకో."

"కొస వరకూ వేశానే."

"చూపు ఆగినకాడ చిరుగు ఆగదు మావా. ఇంకాస్త ముందుంటాది. నలభై ఏళ్లు అతికావు, ఇదీ తెల్దా?"

"బకెట్లు రోడ్డెక్కి పరిగెట్టవే."

మర్నాడు కుంపటిలోని బూడిద నీళ్లలో కలిపి పట్టీకి రుద్ది తుడిచాడు. నల్లటి పట్టీ మీద వెంట్రుకలాంటి తెల్లగీత మిగిలింది. కంటికి కనిపించే పగులు దాటి రెండువేళ్ల మేర ఉంది. దాని కొసన కాల్చిన సన్నకడ్డీతో గుండ్రంగా ఒక చిల్లు పెట్టాడు. చిరుగుకి ముడి ఎలాగో, పగులుకి ఆ చిల్లు అలాగ; గుండ్రటిదానికి ముందుకు పాకే కొస ఉండదు. ఆ తర్వాతే అతికాడు.

కారు వెళ్లింది. మూడోనాడు రాలేదు. మూడో నెల రాలేదు. మూడో ఏడు వచ్చింది, ఆయిల్ మార్పించుకోవడానికి. పట్టీ చెక్కుచెదరలేదు.

ఆ మూడేళ్లూ గవిరయ్య స్టూలు మీదే కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. చేతిలో కడ్డీ చల్లారింది. పాపం, అలిసిపోయాడని సాయంత్రం దాకా ఎవరూ లేపలేదు.

ఇప్పటికీ ఆ ఊరి షెడ్లలో కారు ప్లాస్టిక్ పగిలితే ముందు బూడిద రుద్ది, కొసన చిల్లు పెడతారు. దాన్ని గవిరయ్య చుక్క అంటారు. ఎంత తొందరపనైనా దాన్ని నిలబడి పెట్టరు. ఎవరో ఒకరు స్టూలు తెచ్చి వేస్తారు. పనివాడి పేరు ఏదైనా సరే, "కూర్చో గవిరయ్యా" అంటారు.