బండ కింద జోడీ

తూర్పు కొండల నడుమ ఏడుమెట్ల అడవి అని ఒక పెద్ద అడవి ఉంది. అందులో జింకలు, కుందేళ్లు, నెమళ్లు, ముంగిసలు, ఉడుములు, అడవి పందులు, ఇలా లెక్కలేనన్ని జంతువులు ఉండేవి. పెద్ద చదువు చదవాలంటే చుట్టుపక్కల అడవుల నుంచి కూడా అందరూ అక్కడికే వచ్చేవారు. కంబళయ్య అనే ముసలి ఎలుగుబంటి అక్కడ వైద్యం నేర్పేవారు. ఏ ఆకు ఏ జబ్బుకి పనికొస్తుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ విద్యాలయంలో పుస్తకాలు లేవు. గురువుగారు పొద్దున పాఠం ఒక్కసారే చెప్పేవారు. సాయంత్రం పిల్లలు ఆ పాఠాన్ని ఒకరికొకరు అప్పజెప్పుకోవాలి. ఒకరు చెప్తుంటే ఒకరు వినాలి. తప్పు వస్తే అక్కడే ఆపాలి. అలా వినేవాళ్లని 'వినుజోడీ' అనేవారు. జోడీ లేనివాళ్లని పరీక్షకి రానివ్వరు. పరీక్ష జరిగే పున్నమి నాటికి జోడీని వెతుక్కోకపోతే మూట సర్దుకుని ఇంటికి పోవాల్సిందే.

ఆ ఏడాది ఎర్రమెట్ట నుంచి గవ్వ అనే అలుగు చదువుకోవడానికి వచ్చింది. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా గట్టి పొలుసులు ఉంటాయి. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. ఎర్రమెట్టలో వైద్యం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పోయిన వానాకాలం జ్వరాలొచ్చి గవ్వ తమ్ముడితో సహా ఎంతోమంది పోయారు. అందుకే మెట్టవాళ్లంతా కలిసి గవ్వని పంపించారు. "నేర్చుకునే రా తల్లీ" అని సాగనంపారు. గవ్వ మూడు రోజులు నడిచి వచ్చింది.

మొదటి రోజే మధ్యాహ్నం తిండి దగ్గర పెద్ద చిక్కు వచ్చి పడింది.

విద్యాలయం ముందు నాలుగు పెద్ద బండలు ఉన్నాయి. ఆ అడవిలో, చుట్టుపక్కల అడవుల్లో కలిపి నాలుగు వాగులు పారతాయి. ఏ వాగు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఆ వాగు బండ మీదే కూర్చోవాలి. అక్కడే తినాలి, అక్కడే కబుర్లు చెప్పుకోవాలి, జోడీని కూడా అక్కడే వెతుక్కోవాలి. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకు పెట్టారో తెలియదు, కానీ అదే పద్ధతి. పిలవకుండా ఎవరూ ఏ బండా ఎక్కకూడదు. కొత్తగా ఎవరు వచ్చినా పేరు అడగరు, తిన్నావా అని అడగరు. అడిగేది ఒక్కటే.

"మీది ఏ వాగు?"

అన్నిటికంటే పెద్ద బండ మీద నుంచి నీలాంబరం అనే నెమలి గవ్వని అదే అడిగాడు.

"మా ఊళ్లో వాగు లేదు. ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లు తాగుతాం" అంది గవ్వ.

"గుంటలో నీళ్లా!" అన్నాడు నీలాంబరం. బండ మీద ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. గవ్వకి తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే బంతిలా చుట్టుకుపోయింది.

ఏం తప్పు చేసిందని ఆ నవ్వు? వాగు లేని ఊళ్లో పుట్టడం కూడా తప్పేనా? చెలమ తవ్వి చూస్తే తెలుస్తుంది, గుక్కెడు నీళ్లకి ఎంత కష్టపడాలో! పారే వాగులో మూతి పెట్టి తాగడం ఏం గొప్ప?

ఆ రోజు నుంచి గవ్వ నాలుగు బండలకీ దూరంగా, ఒక పొద పక్కన కూర్చుని తినేది. సాయంత్రం పాఠం అప్పజెప్పడానికి ఎవరూ లేక ఒక పుట్టకి చెప్పుకునేది. పుట్ట ఊఁ కొట్టదు, తప్పయినా ఆపదు. ఎవరైనా ఇటు నడిచి వస్తుంటే, పిలుస్తారేమో అని గవ్వ ఆశగా చూసేది. అంతలోనే మళ్లీ నవ్వుతారేమో అని భయం వేసేది. ముందు జాగ్రత్తగా చుట్టుకుపోయేది. వచ్చినవాళ్లు ఆ బంతిని చూసి, "దీనికి ఎంత పొగరో చూడు" అనుకుంటూ వెళ్లిపోయేవారు.

ఇలా రెండున్నర నెలలు గడిచాయి. గురువుగారి గుహ ఆ పొదకి ఎదురుగానే ఉంది. ఆయన రోజూ అటే చూసేవారు. చూసి, తల గోక్కుని, లోపలికి వెళ్లిపోయేవారు.

పరీక్ష పున్నమి ఇంకా అయిదు రోజులు ఉందనగా, దూదమ్మ అనే కుందేలు గవ్వ దగ్గరికి పరుగున వచ్చింది. దూదమ్మది నీలాంబరం జట్టే.

"ఏమే గవ్వా, నీ పంట పండింది! నీలాంబరం నిన్ను బండ మీదకి రమ్మంటున్నాడు" అంది.

గవ్వకి నమ్మబుద్ధి కాలేదు. "నన్నా? నిజంగా నన్నేనా?"

"నిన్నే. వెళ్లి తన పాఠం విను. ప్రతి మాటకీ భళా అను. వినేవాళ్లు ఎంతమంది ఉంటే తనకి అంత సరదా. అలా అన్నావంటే మాలో ఒకరిని నీకు జోడీగా ఇస్తాడు."

గవ్వ ఒళ్లు దులుపుకుని, పొలుసులు తుడుచుకుని వెళ్లింది. జీవితంలో మొదటిసారి ఒక బండ ఎక్కి కూర్చుంది. చుట్టూ అందరూ ఉన్నారు. ఎవరి భుజమో తన భుజానికి తగులుతోంది. ఆ మాత్రానికే దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

నీలాంబరం పింఛం విప్పి పాఠం మొదలుపెట్టాడు. "జ్వరానికి నేలవేము" అన్నాడు. "భళా!" అన్నారు అందరూ. గవ్వ కూడా అంది. "విరిగిన ఎముకకి నల్లేరు" అన్నాడు. "భళా!" అంది గవ్వ, అందరికంటే గట్టిగా.

"దురదకి దూలగొండి కాయ నూరి పూయాలి" అన్నాడు నీలాంబరం.

"భళా! భళా!" అన్నారు అందరూ.

గవ్వ మాత్రం భళా అనలేదు. దూలగొండా! ఆ కాయ మీది నూగు తగిలితేనే ఒళ్లు బొబ్బలెక్కేలా దురద పుడుతుంది. గురువుగారు దాని దగ్గరికే వెళ్లొద్దన్నారు. దురదకి వేపాకు నూరి పూయాలని చెప్పారు. ఇప్పుడు భళా అంటే జోడీ దొరుకుతుంది, పరీక్ష గట్టెక్కుతుంది. కానీ రేపు ఈయన వైద్యుడయ్యాక దురదతో వచ్చిన ఏ పసిపిల్లకో దూలగొండి పూస్తే? గవ్వకి తమ్ముడు గుర్తొచ్చాడు.

"అది తప్పు" అంది గవ్వ. "దురదకి వేపాకు. దూలగొండి పూస్తే చర్మం ఊడొస్తుంది."

దూదమ్మ నేల చూపులు చూస్తోంది. జట్టులోని ముంగిస ఎటో చూస్తోంది. అందరికీ తెలుసు! అది తప్పని ఆ బండ మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా భళా అన్నారు. సిగ్గులేకపోతే సరి!

నీలాంబరం మెడ నిక్కించాడు. "గుంట నీళ్లు తాగేదానివి, నువ్వు నాకు పాఠం చెప్తావా? దిగు!" అని కాలితో ఒక్క తోపు తోశాడు. గవ్వ చుట్టుకుపోయి, దొర్లుకుంటూ వెళ్లి బండ కింద పడింది. పైన నవ్వులు మొదలయ్యాయి.

ఈసారి గవ్వకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఎవరికి వాళ్లు గొప్పే, కానీ నిజం చెప్తే తోసేస్తారా! విసురుగా లేచి నిలబడింది.

"రెండేళ్లలో ఈ బండ మీద నేను విన్న మొదటి నిజం మాట అది" అని ఒక గొంతు వినిపించింది.

గవ్వ వంగి చూసింది. బండ కింద నెర్రెలో ఒక ఉడుము కూర్చుని ఉన్నాడు. అతని పేరు సింగన్న.

"నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?" అంది గవ్వ.

"తింటున్నాను. రోజూ ఇక్కడే తింటాను. నాది ఈ వాగే. కానీ ఎవరు తప్పు చెప్పినా ఆపకుండా ఉండలేను. అందుకే నన్ను కూడా తోసేశారు. పోయినేడు జోడీ దొరకలేదు, పరీక్షకి రానివ్వలేదు. గురువుగారి కాళ్లా వేళ్లా పడితే ఇంకో ఏడాది ఉండనిచ్చారు" అన్నాడు సింగన్న.

గవ్వకి ఇంకా కోపం వచ్చింది. "నేను ఆ పొద దగ్గరే ఉన్నాగా! రెండున్నర నెలలు ఒంటరిగా తింటుంటే చూస్తూ కూర్చున్నావా? నన్ను ఎందుకు పిలవలేదు?"

"నువ్వు నన్నెందుకు పిలవలేదు? నేను నాలుగుసార్లు నీ వైపు వచ్చాను. వచ్చినప్పుడల్లా నువ్వు బంతిలా చుట్టుకుపోయావు. నాతో మాట్లాడడం ఇష్టం లేదనుకున్నాను" అన్నాడు సింగన్న, అంతే కోపంగా.

ఇన్ని రోజులూ గవ్వ పైన బండల మీద ఉన్నవాళ్ల పిలుపు కోసం మెడ సాచి చూసింది. కిందకి ఒక్కసారి కూడా చూడలేదు. చూసినా, చుట్టుకుపోయి ఉన్న తనకి ఏం కనిపిస్తుంది?

"సరే, తప్పు నాదే" అంది. "నాకు జోడీగా ఉంటావా?"

"ఉంటాను. కానీ నేను ఊరుకోను సుమా. ప్రతి తప్పుకీ ఆపుతాను."

"ఆపకపోతే నేనే ఊరుకోను" అంది గవ్వ.

ఆ అయిదు రోజులూ ఇద్దరూ పొద్దుగూకేదాకా అప్పజెప్పుకున్నారు. గవ్వ పుట్టకి చెప్పుకున్న పాఠాల్లో పద్దెనిమిది తప్పులు బయటపడ్డాయి. సింగన్న పాఠాల్లో తొమ్మిది. ఒక్కొక్క తప్పు దగ్గరా గొడవే. ఒకసారి కోపంతో చెరో వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి ఆకలేసి, ఒకే చోట కూర్చుని తిన్నారు. అక్కడికి వచ్చాక గవ్వ కడుపు నిండా తిన్నది అదే మొదటిసారి.

పున్నమి రోజు పొద్దున పరీక్ష మొదలైంది. ఆ పరీక్షకి ఒక నియమం ఉంది. ఎవరు ఏ మందు చెప్తే, ఆ మందు ముందు తమ ఒంటికే పూసుకోవాలి. పరీక్షలో కూడా పెద్ద బండ వాళ్లే ముందు! వాగు లేనివాళ్లు అందరికంటే చివర.

మొదట నీలాంబరం వచ్చాడు. పక్కన జోడీగా దూదమ్మ నిలబడింది.

"ఒళ్లంతా దురదలొచ్చిన జింకకి ఏం మందు ఇస్తావు?" అని కంబళయ్యగారు అడిగారు.

"దూలగొండి!" అన్నాడు నీలాంబరం పింఛం విప్పి.

గురువుగారు దూదమ్మ వైపు చూశారు. "ఏమ్మా, విన్నావా? సరిగ్గా ఉందా?"

"భళాగా ఉందండి" అంది దూదమ్మ.

"అయితే పూసుకో" అన్నారు గురువుగారు.

నీలాంబరం దర్జాగా కాయలు తెప్పించి కాళ్లకీ మెడకీ రుద్దుకున్నాడు. రెండు క్షణాలు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత ఎగిరాడు, గెంతాడు, కేకలు పెట్టాడు. ముక్కుతో పొడుచుకున్నాడు. నేల మీద దొర్లాడు. ఎంతో మురిపెంగా పెంచుకున్న పింఛం ఈకలు కుప్పలుగా రాలిపోయాయి.

"కాపాడండి! దూదమ్మా! ముంగిసా!" అని అరిచాడు.

ఎవరూ దగ్గరికి రాలేదు. నూగు తమకి అంటుకుంటుందని బండ మీది జట్టంతా తలో దిక్కూ పరుగు తీసింది. ఇరవై మంది భళా అన్నారు, ఒక్కరైనా నిలబడ్డారా?

గవ్వ సింగన్న వైపు చూసింది. "నా పొలుసులకి నూగు గుచ్చుకోదు."

"నా తోలుకీ గుచ్చుకోదు. కానీ వీడికి మనం ఎందుకు చెయ్యాలి?" అన్నాడు సింగన్న.

"నేను వైద్యం నేర్చుకోవడానికి వచ్చాను" అంది గవ్వ.

ఇద్దరూ నీలాంబరాన్ని బురద మడుగులోకి ఈడ్చుకెళ్లి, తడి బురద పట్టించి నూగంతా తుడిచేశారు. గవ్వ తుడిచినంత సేపూ తిడుతూనే ఉంది. "అయిదు రోజుల కిందటే చెప్పానా లేదా? కాలు ఇటు పెట్టు! చెప్పినందుకు తోస్తావా? మెడ వంచు!" నీలాంబరం చెప్పినట్టల్లా కాలు పెట్టాడు, మెడ వంచాడు.

అది చూసి కంబళయ్యగారు, "గవ్వా, నువ్వు, నీ జోడీ పరీక్ష నెగ్గారు. ఇక చెప్పక్కర్లేదు" అన్నారు.

"లేదు గురువుగారూ, చెప్తాను" అంది గవ్వ. మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. తర్వాత సింగన్న చెప్పాడు. గురువుగారు మెచ్చుకుని, "ఇంకేమైనా అడగాలా తల్లీ?" అన్నారు.

"ఒక్కటే అడగాలి" అంది గవ్వ. ఈసారి అది చుట్టుకుపోలేదు. "ఇన్నాళ్లు మీ గుహ ఎదురుగా ఒంటరిగా తిన్నాను. మీరు రోజూ చూశారు. ఎందుకు ఊరుకున్నారు?"

కంబళయ్యగారు తల దించుకున్నారు. "ఎవరి వాగు వాళ్లు కలిసి కూర్చుంటే గొడవలు ఉండవనుకున్నానమ్మా."

"గొడవలు లేవు, నిజమే. మాటలు కూడా లేవు. పాఠం చెప్పేవారు కదా, ఒక్క రోజు పలకరించడానికి మీకేం పోయింది?"

ఆ మధ్యాహ్నం గురువుగారు తన తిండి తెచ్చుకుని, నాలుగు బండలూ వదిలి, గవ్వ పక్కన నేల మీద కూర్చున్నారు. అది చూసి ఒక్కొక్కరే కిందకి దిగారు. దూదమ్మ అందరికంటే ముందు దిగింది.

చివరికి నీలాంబరం వచ్చాడు. తోక బోసిగా ఉంది. ఒళ్లంతా బురద. గవ్వకి పది అడుగుల దూరంలో ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు.

"నేను... ఇక్కడ కూర్చోవచ్చా?" అన్నాడు.

గవ్వ కోపం ఇంకా చల్లారలేదు. అయినా కొంచెం జరిగి చోటు ఇచ్చింది.

"కూర్చో" అంది. "ముందు నీ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పు."

నీతి: భళా అనేవాళ్లు వందమంది ఉన్నా తప్పని చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోతే మనం ఒంటరివాళ్లమే, అలాంటి స్నేహితుడు కావాలంటే పిలుపు కోసం కాచుక్కూర్చోకుండా మనమే ముందు పలకరించాలి.