ఖర్చుకాని సాయంత్రాలు

పడుకున్నావా తల్లీ? దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

అనగనగనగా, గోదారమ్మ సముద్రంలో కలవడానికి కాస్త ఇవతల, కాలవ గట్టున ఒక ఊళ్ళో, ముత్యాలు అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న నూకరాజు పడవ నడిపేవాడు. ధాన్యం బస్తాలూ, కొబ్బరికాయలూ, పెళ్ళివాళ్ళూ, ఎవరొస్తే వాళ్ళని ఎక్కించుకుని తిప్పేవాడు. అమ్మ లేదు. ముత్యాలుకి పాలపళ్ళు ఊడకముందే పోయింది.

ఆ ఊరి చివర లాకులు ఉండేవి. లాకులంటే కాలవకి తలుపులన్నమాట. తలుపుల సందుల్లోంచి నీళ్ళు జారుతూ పగలూ రాత్రీ సుయ్యిమని ఒకటే జోల. ఆ లాకుల పక్కన ఒక తెల్లటి బంగళా. కాలవల పని చూసే దొర, ఆయన దొరసాని, ఒక ఏడు అందులోకి వచ్చి దిగారు.

దొర ఎప్పుడూ లాంచీ మీద ఊళ్ళ వెంట తిరుగుతూ ఉండేవాడు. దొరసాని ఒక్కతే వరండాలో కుర్చీ వేసుకుని కాలవకేసి చూస్తూ కూర్చునేది. వంటవాడు జోజప్ప తప్ప ఆవిడ మాట తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు.

ముత్యాలు రోజూ పొద్దున్నే ఆ బంగళాకి పాలు తీసుకెళ్ళేది. అప్పటికింకా కాలవ మీద మంచు తెరలు తెరలుగా కదులుతూ ఉండేది. ఆ మంచులోంచి చెంబు పట్టుకుని వస్తున్న పిల్లని చూసి, నీళ్ళలోంచి లేచి వచ్చిందేమో అనుకునేదట దొరసాని.

ఒకనాడు ఆవిడ ముత్యాలు చేతిలో ఒక బేడ కాసు పెట్టి, స్పెండ్ అంది. ముత్యాలు జోజప్పకేసి చూసింది. ఖర్చు పెట్టుకోమంటున్నారు అన్నాడు జోజప్ప.

అప్పుడు ముత్యాలు తీర్థానికి పోయి పంచదార చిలకలు కొనుక్కుంది. చిలకలు నోట్లో కరిగిపోయాయి. బేడ కొట్టువాడి డబ్బాలోకి పోయింది. ఓహో, స్పెండ్ అంటే చేతిలో ఉన్నది లేకుండా పోవడం అన్నమాట, అనుకుంది ముత్యాలు. ఆ మాటని మనసులో దాచుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, పాలు పోసి తిరిగి వస్తుంటే దొరసాని వెనక్కి పిలిచింది. జోజప్ప దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలూ కలిపి, రోజూ సాయంత్రాలు వచ్చి నాతో స్పెండ్ చెయ్యి అని అడిగింది.

ముత్యాలు హడలిపోయింది. చెంబు పట్టుకుని ఇంటికి పరిగెత్తింది. సాయంత్రాలు ఖర్చు పెట్టడమేమిటి? పెడితే అవీ పంచదార చిలకల్లాగే అయిపోవూ? అమ్మ సాయంత్రాలు అలాగే అయిపోయాయేమో. ఎవరికో ఇచ్చేసి ఉంటుంది, చూసుకోకుండా.

అన్నం తినకుండా కూర్చున్న కూతుర్ని నూకరాజు దగ్గరికి తీసుకుని ఏమైందమ్మడూ అని అడిగాడు. ముత్యాలు అంతా చెప్పింది. ఆఖర్న, నా సాయంత్రాలు అయిపోతే నేనూ అమ్మలాగే పోతానా అని అడిగింది.

నూకరాజు పిల్ల జుట్టు నిమిరాడు. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు.

"మీయమ్మ ఎవరికో ఇచ్చేసి పోలేదు తల్లీ. జ్వరం వచ్చి పోయింది. పొద్దంటావా, మనం కూకున్నా గడుస్తాది, నిలబడ్డా గడుస్తాది. దాన్ని దాచుకున్నోడు లేడు. ఆళ్ళకి డబ్బుకీ పొద్దుకీ ఒకటే మాటేమో. మాట ఒకటైతే మాత్రం పొద్దు రూపాయైపోద్దా?"

వెళ్ళి చూసి రా, నీ దగ్గర ఏం తరిగిందో నాకు చెప్పు, అన్నాడు.

మర్నాటి నుంచీ ముత్యాలు సాయంత్రం కాగానే బంగళాకి వెళ్ళేది. మొదట్లో ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు. దొరసాని కొబ్బరిచెట్టుని చూపించి ఒక మాట అనేది. ముత్యాలు అదే చెట్టుని చూపించి ఇంకో మాట అనేది. ఆ తర్వాత ముత్యాలు వామనగుంటల పీట తెచ్చి చింతగింజలతో ఆడటం నేర్పింది. దొరసాని ఓడిపోతుంటే గింజలు గుప్పిట్లో దాచేసేది. ఆ దొంగతనం చూసి ముత్యాలు పకపకా నవ్వేది.

పొద్దు వాలేది. కాలవ నీళ్ళు ముందు పసుపురంగూ, ఆ తర్వాత కుంకుమరంగూ అయ్యేవి. గూళ్ళకి పోయే కొంగలు నీళ్ళలో ఒకసారీ ఆకాశంలో ఒకసారీ కనిపించేవి. ఏది నిజం కొంగో తెలిసేది కాదు. దొరసాని ఏదో కూనిరాగం తీసేది. ముత్యాలు ఆవిడ మోకాలికి చేరబడి కళ్ళు సగం మూసుకునేది.

ఇంటికొచ్చాక నూకరాజు అడిగేవాడు, ఏమన్నా తరిగిందా అని. లేదు నాన్నా, ఇంకాస్త ఉన్నట్టుంది, అనేది ముత్యాలు.

అలా ఉండగా వానాకాలం వచ్చింది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. దొర పైన ఎక్కడో గట్లు కాయడానికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. జోజప్ప చెల్లెలి పెళ్ళికని అంతకుముందే తన ఊరు వెళ్ళాడు. బంగళాలో దొరసాని ఒక్కతే.

ఒక పొద్దున ముత్యాలు పాలు తీసుకెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. దొరసాని మంచం మీద వణుకుతూ పడుకుని ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ముత్యాలు చెయ్యి పట్టుకుంటే కళ్ళు తెరిచి, నేను స్పెంట్ అంది.

ఆ మాట ముత్యాలుకి తెలుసు. అయిపోయిన స్పెండుని స్పెంట్ అంటారు. అలిసిపోయినప్పుడు కూడా వాళ్ళు అలాగే అంటారని ఆ పిల్లకి తెలీదు. ఈవిడ ఖర్చయిపోతోంది, ఇంక మిగలదు, అనుకుంది. అంతే, చెంబు అక్కడే వదిలేసి నాన్న దగ్గరికి పరిగెత్తింది.

నూకరాజు ఇంకేమీ అడగలేదు. దొరసానిని దుప్పట్లో చుట్టి పడవలో పడుకోబెట్టాడు. ఆసుపత్రి ఎగువన పట్నంలో ఉంది. రోడ్డంతా నీళ్ళు. కాలవ ఒక్కటే దారి.

తెరచాప ఎత్తుదామంటే ఎదురుగాలి. గెడ వేద్దామంటే నీళ్ళు లోతు, అడుగు అందలేదు. అప్పుడు నూకరాజు చుక్కాని కూతురికి అప్పజెప్పి, గట్టెక్కి, పడవకి కట్టిన తాడు భుజాన వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. బురదలో మోకాలి దాకా దిగబడుతూ, జారుతూ, లేస్తూ లాగాడు. ఒకచోట గట్టు తెగి నీళ్ళు పొలాల్లోకి పోతున్నాయి. అక్కడ నిలువులోతు నీళ్ళలోకి దిగి, తాడు పళ్ళతో పట్టుకుని ఈదాడు.

పడవలో ముత్యాలు ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో దొరసాని చెయ్యి పట్టుకుంది. దొరసాని కళ్ళు మూతలు పడుతుంటే, ఆవిడ నేర్పిన ఇంగ్లీషు మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పింది. చెట్టు. కొంగ. నీళ్ళు. అవి అయిపోతే తెలుగులోనే చెప్పింది.

"మీరింకా ఉన్నారు దొరసానిగారూ. అయిపోలేదు. నేను చూస్తూనే ఉన్నాను కదా."

దొరసానికి ఆ మాటలు అర్థమయ్యాయో లేదో. ముత్యాలు చెయ్యి మాత్రం వదల్లేదు.

మబ్బుల వెనక పొద్దు వాలుతుండగా పట్నం వచ్చింది. ఆసుపత్రిలో మందులిచ్చారు. కొన్నాళ్ళకి జ్వరం దిగింది. దొరసాని లేచి కూర్చుని గంజి తాగింది. కబురందుకుని దొర కూడా పరిగెత్తుకొచ్చాడు.

అప్పుడు దొరసాని నూకరాజుని పిలిపించింది. నా కోసం ఎంత కష్టం స్పెండ్ చేశావు అంది. ముత్యాలు ఆ మాట నాన్నకి చెప్పింది, దొరసానిగారు కష్టాన్ని కూడా ఖర్చు పెడతారట అని.

నూకరాజు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కష్టం పెట్టేది కాదమ్మగారూ, పడేది. పడ్డవాడు చెడ్డవాడు కాదంటారు మావాళ్ళు."

ఇది ఎలా చెప్పాలో ముత్యాలుకి తెలీలేదు. ఉన్న ఇంగ్లీషంతా కూడబలుక్కుని, మా నాన్న పడ్డాడు, అయినా మంచివాడే, అని చెప్పింది. దొరసాని కంగారుపడి, ఎక్కడ పడ్డాడో, దెబ్బ చూపించమంది. నూకరాజు సిగ్గుపడి వెనక్కి జరిగాడు. జరిగేటప్పుడు భుజం మీది తువ్వాలు జారింది. తాడు ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయి, ఇంకా పచ్చిగానే ఉంది.

దొరసాని ఆ భుజం చూసింది. చాలాసేపు చూసింది. ఇంక కష్టం పడటమన్న మాటకి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత చలికాలం వెళ్ళేసరికి దొరకి ఇంకో చోటికి బదిలీ అయింది. ఒక సాయంత్రం లాంచీ వచ్చి లాకుల దగ్గర ఆగింది. పెట్టెలూ కుర్చీలూ అన్నీ ఎక్కించారు. దొరసాని ముత్యాలుతో కాలవ మెట్ల మీద కూర్చుని ఉంది. ఇద్దరి కాళ్ళూ నీళ్ళలో ఉన్నాయి.

లాంచీ కూత వేసింది. దొరసాని లేవలేదు. ఇంకోసారి కూసింది. దొర వచ్చి పిలిచాడు, పొద్దుపోతోంది, ఆలస్యమవుతోంది అన్నాడు. పోనీ, రేపు వెళ్దాం అంది దొరసాని.

మూడోసారి కూత విని దొర లాంచీకేసి చూశాడు. మెట్లకేసి చూశాడు. లాంచీవాణ్ణి పొమ్మని చెయ్యూపి, వంగి తన బూట్లు విప్పుకుని, వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

సామాన్లన్నీ ఆ రోజే వెళ్ళిపోయాయి. మనుషులు మాత్రం ఆ సాయంత్రానికి అక్కడే ఉండిపోయారు.

ఊఁ కొట్టడం మానేశావా తల్లీ? సరే, పడుకో.

లాంచీ రేవుకి, లేగ తల్లికి,
కొంగమ్మ గూటికి, కునుకమ్మ కంటికి,
కథమ్మ నడిచింది కంచి దారికి,
నువ్వూ నేనూ మన ఇంటికి.