బ్రాక్‌డెన్ పెదవిమొక్కుల తల్లి

ఇంగ్లండు దేశానికి ఉత్తరాన, గడ్డి తప్ప మరొకటి మొలవని కొండల నడుమ బ్రాక్‌డెన్ పట్టణం ఉన్నది. రైలు దిగగానే భక్తులకు మొదట కనిపించేది ఎత్తైన ఇటుక పొగగొట్టం. అందులోంచి పొగ వచ్చి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ పావురాలు కాపురముంటున్నాయి. స్టేషను బయట ఎవరిని అడిగినా దాన్నే చూపించి, "దాని కిందే మీ అమ్మవారు" అంటారు. తెల్లవాళ్లు కూడా అంటారండీ!

ఊరంతా మసిబారిన రాతి ఇళ్లు. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు వరుసగా కొండ ఎక్కుతుంటాయి. దిగువన కాలువ. ఒకప్పుడు పడవల మీద దూది బేళ్లు ఆ కాలువలోనే వచ్చేవి, బట్టల తానులు ఆ కాలువలోనే పోయేవి. ఇక్కడ ఎప్పుడూ సన్నజల్లు పడుతుంటుంది. ఆ తడిగాలికి నూలు తొందరగా తెగదు, అందుకే ఇక్కడ ఇన్ని మిల్లులు పెట్టారు. అవి మూతపడ్డాక ఒకటి సూపర్‌మార్కెట్ అయింది, ఒకదాన్ని ఫ్లాట్లు చేశారు, మరొకదానిలో కండలు పెంచుకుంటున్నారు. చివరిది మన అమ్మవారి ఆలయమయింది. రంపపు పళ్లలాంటి కప్పు, ఆ కప్పుకు ఉత్తరం వైపు అద్దాలు. గోపురం లేదే అని చిన్నబుచ్చుకోకండి. అంత పొగగొట్టం ఉండగా వేరే గోపురమెందుకు చెప్పండి!

గర్భగుడిలో ఉన్నది శిలావిగ్రహం కాదు. కప్పును మోసే ఇనుప స్తంభం. దానికే పసుపు, కుంకుమ, వెండి కళ్లు, చీర.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే కృతయుగం కాదు, మిల్లులు హోరెత్తుతున్న కాలమే, హిందూపురం వైపు నుంచి నంజుండప్ప, సాకమ్మ అనే దేవాంగ దంపతులు వచ్చారు. మగ్గం వారి కులవృత్తి, చౌడేశ్వరి వారి ఇలవేల్పు. నంజుండప్ప బొంబాయి మిల్లులో పనిచేసి, ఓడెక్కి వచ్చి ఇక్కడ రాత్రి షిఫ్టులో చేరాడు. సాకమ్మది పగటి షిఫ్టు. ఊరి నుంచి తెచ్చుకున్న అమ్మవారి పటం ఈ తేమకు బూజుపట్టి పోయింది. దాంతో ఆమె తన మగ్గం పక్కనున్న స్తంభానికే బొట్టుపెట్టి, దండం పెట్టుకుని పని మొదలుపెట్టేది.

వారికి ఒక్కతే బిడ్డ, బనశంకరి. ఐదేళ్లు నిండినా పలుకు లేదు. పుట్టుకతోనే వినికిడి లేదని డాక్టర్లు తేల్చారు. ఆ బిడ్డ చేత ఒక్కసారి "అమ్మ" అనిపించుకోవాలని సాకమ్మ ఆశ. అదొక్కటే ఆమె మొక్కు. పిల్లను భుజానికెత్తుకుని, చెవికి నోరానించి, "అమ్మా అను తల్లీ, అమ్మా అను" అని గొంతు పోయేలా అరిచేది. పిల్ల గింజుకుని ఏడ్చేది. కాసేపటికి తల్లీ ఏడ్చేది.

ఒకనాడు తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. మగ్గాల మధ్య స్తంభం ఉండవలసిన చోట పసుపు ముఖంతో అమ్మవారు నిలబడి ఉన్నది. పెదవులు కదిలాయి గానీ మాట వినపడలేదు. సాకమ్మ పరుగున వెళ్లి ఆ నోటి దగ్గర చెవి పెట్టింది. అమ్మవారు ఆమె భుజం పట్టి మెల్లగా వెనక్కి నెట్టి, మళ్లీ పెదవులు కదిలించింది. సాకమ్మ మళ్లీ చెవి పెట్టబోయింది. అమ్మవారు మళ్లీ నెట్టింది. అంతలో మెలకువ వచ్చేసింది. ఇలవేల్పు కూడా నన్ను నెట్టేసిందే అని ఆ ఇల్లాలు కుమిలిపోయింది.

పక్క మగ్గం మీద నెల్లీ అని ఒక పెద్దావిడ పనిచేసేది. చిన్ననాటి నుంచి ఆ హోరులో ఉండి ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. ఆమెవే ఏమిటి, ఊళ్లో నేతపని చేసే ఆడవాళ్లు చాలామంది సంగతి అంతే. వందల మగ్గాలు ఒక్కసారి ఆడితే పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకని వాళ్లు శబ్దం లేకుండా పెదవులు బాగా కదిలించి మాట్లాడుకునేవారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వంటలు, పెళ్లిళ్లు, మేస్త్రీ మీద జోకులు, అన్నీ అలాగే నడిచేవి.

టీ వేళ సాకమ్మ తనకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో, చేతులతో ఆమెకు కల చెప్పింది.

"నెట్టక ఏం చేస్తుంది, లవ్!" అంది నెల్లీ. ఆ ఊళ్లో పాలవాడు కూడా అందరినీ అలాగే పిలుస్తాడు, తప్పుగా అనుకోకూడదు. "మీదికొచ్చి నిలబడితే పెదవులెలా కనపడతాయి? మొహం చూడమంటోంది. ఆవిడ మన మిల్లు మనిషే! సరే, పిల్లతో నువ్వెలా మాట్లాడతావు?"

సాకమ్మ భుజం చూపించింది, చెవి చూపించింది, అరిచి చూపించింది.

నెల్లీ తల పట్టుకుంది. "అయితే ఆ పిల్ల నీ నోరు ఎప్పుడు చూసింది?"

పిల్లను మిల్లుకు తెప్పించమని తనే చెప్పింది.

మర్నాడు నంజుండప్ప పిల్లను తీసుకొచ్చాడు. మేస్త్రీ అడ్డం నిలబడి, "ఇది మిల్లయ్యా, బడి కాదు. గడప దాటనివ్వను" అన్నాడు. లోపలి నుంచి నెల్లీ పెదవులతోనే, "దాటదులే. పనిచేద్దామని నువ్వెప్పుడైనా దాటావా?" అంది. ఆ భాష మేస్త్రీకీ వచ్చు. ఆడవాళ్లంతా శబ్దం లేకుండా నవ్వుతుంటే ఎర్రబడి పక్కకు జరిగాడు.

నెల్లీ సాకమ్మను తీసుకెళ్లి స్తంభానికి ఆనించి నిలబెట్టింది. పిల్ల గడప మీద, తల్లి స్తంభం దగ్గర, మధ్యలో హోరు. సాకమ్మ అరవలేదు. రెండు పెదవులూ కలిపి, మెల్లగా విడదీసింది. పిల్ల కన్నార్పకుండా చూసింది. తల్లి మళ్లీ అన్నది. అప్పుడు ఆ చిన్న పెదవులు రెండూ కలిశాయి, విడిపోయాయి.

అమ్మ.

శబ్దం వచ్చిందో లేదో ఆ హోరులో ఎవరికి తెలుసు? రావలసిన పని మాత్రం ఏముంది? కలలో అమ్మవారి పెదవులు కదిలిందీ సరిగ్గా ఇలాగేనని సాకమ్మకు అప్పుడు తెలిసింది. జగత్తుకంతటికీ అమ్మ అయిన తల్లి, తనను "అమ్మా" అని పిలిచింది! ఏడుస్తూ పరుగెత్తబోతే నెల్లీ కొంగు పట్టుకుని ఆపింది. "ఉండు. దగ్గరికి పోకు. ఇంకోసారి అననీ."

ఆనాటి నుంచి బనశంకరి ఆ ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడేది. చూడండి అమ్మవారి లీల! బిడ్డకు చెవులివ్వలేదు, చెవులతో పనిలేని ఊరికి ఆ బిడ్డను చేర్చింది. మిల్లు మూతపడి మగ్గాలు పాత ఇనుముకు పోతుంటే, నెల్లీ, ఆమె తోటివారు ఒక మగ్గం ఎక్కి కూర్చుని, దిగేది లేదన్నారు. అది నేటికీ స్తంభం పక్కనే ఉన్నది.

ఈ ఆలయంలో గంట లేదు. ప్రతి శుక్రవారం ఉదయం బనశంకరమ్మగారే స్వయంగా ఆ మగ్గం ఆడిస్తారు. ఆ హోరులో భక్తులు గడప దగ్గర నిలబడి తమ కోరికను పెదవులతో చెప్పుకుంటారు. నోరు విప్పి ఎవరితోనూ అనలేనిది ఏదైనా ఇక్కడ చెప్పుకోవచ్చు. పక్కవారి పెదవులు చూడరాదు, అత్తాకోడళ్లు కాస్త ఎడంగా నిలబడితే మరీ మంచిది. ప్రసాదం చిత్రాన్నం, వేడి టీ. ఎన్నాళ్లుగానో మాటల్లేని అన్నదమ్ములు, మొగుడూపెళ్లాలు ఇక్కడికి వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లడం మనం ఎరిగినదే.

ఒక్కటే మనవి. మిగతా గుళ్లలోలా ముందుకు తోసుకురాకండి. తోసుకొస్తే బనశంకరమ్మగారు వచ్చి, నవ్వుతూ మీ భుజం పట్టి వెనక్కి జరుపుతారు. నొచ్చుకోకండి. మీ ముఖం అమ్మవారికి కనపడాలి.