గవిరయ్య దాటాడా?

అనగా అనగా అంటే ఎన్నేళ్ళ కిందటని అడక్కండి. కొండ ఉంది, కొండ కింద గెడ్డ పారుతోంది, అయినా పొలాలు ఎండుతున్నాయి. అప్పటి మాట.

ఆ ఊళ్ళో గవిరయ్య అని ఒక వడ్రంగి. నాగళ్ళు చెక్కేవాడు. బడి మొహం ఎరగడు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. ఇంట్లో ఆయన మాటంటే మాటే. పెద్దకోడలు చిన్నమ్మి ఒక్కతే ఎదురు చెప్పేది. మా ఇంట్లో పెద్దకోడళ్ళ వరస ఆవిడతోనే మొదలు. నేనూ ఆ వరసలోదాన్నే.

గెడ్డ నీళ్ళు పొలాలకి మళ్ళించాలని ఆ ఊరి దొరకి బుద్ధి పుట్టింది. పట్నం నించి చదువుకున్నవాణ్ణి దింపాడు. వాడు ఇత్తడి గొట్టంలోంచి చూసి తిన్నగా గీత గీశాడు. కాలవ తవ్వారు. మొదటిసారి నీళ్ళు సగం దారిలో ఆగాయి. రెండోసారి గట్టు తెగింది. మూడోసారి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే గెడ్డలోకి పోయాయి.

గవిరయ్య ఎవర్నీ అడగలేదు. నీళ్ళనడిగాడు. తాటిమాను నిలువునా చీల్చి దోనె తొలిచాడు. నీళ్ళు పోసి, ఈ కొస నించి ఆ కొసకి చూశాడు. పల్లం ఎటో తెలిసింది. గుర్తుకి కర్ర పాతాడు. దోనె జరిపాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ చూశాడు.

"బాబూ, తిన్నగా కాదు. కొండ చుట్టూ తిప్పాల."

"నాగళ్ళు చెక్కేవాడివి, నాకు చెప్తావురా?" అన్నాడు పట్నంవాడు.

"నాను కాదు బాబూ. నీళ్ళు చెప్తన్నాయి."

ఊరంతా నవ్వింది. నవ్విన ఇళ్ళు నాకు తెలుసు. నేటికీ ఆ ఇళ్ళలో మంచినీళ్ళు ముట్టను.

గవిరయ్య ఇంటిల్లిపాదీ పలుగూ పారా పట్టారు. ఒక వేసంగి, రెండు వేసంగులు, మూడు వేసంగులు. మూడో ఏడు నీళ్ళొచ్చాయి. కాలవ మొదట్లో గవిరయ్య చెక్కతలుపు బిగించాడు. దించితే కాలవ ఎండుతుంది, ఎత్తితే పారుతుంది. దాని సీల ఎటు తిప్పాలో ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

మరి దొర ఏం చేశాడు? గట్టు మీద రాయి పాతించాడు. కూడబలుక్కుని నేనే చదివాను. రాయి నిండా దొర, దొర తండ్రి, దొర తాత. గవిరయ్య ఏడీ? ఒక్క అక్షరం లేదు!

ఆ కాలవకి పూడిక తీస్తూ గవిరయ్య మూడు తరాల దొరల్ని చూశాడు. ముదిమి మీదపడి, వరి నాటే ఉడుపుల వేళ పోయాడు. వల్లకాడు కాలవ అవతల. దారి గట్టు మీదే. రాయి పాతించిన దొర మనవడు కర్రలవాళ్ళని అడ్డం పెట్టాడు.

"ఇది మా తాత గట్టు. పాడె తొక్కడానికి వీల్లేదు. కావాలంటే కాలవలో పొండి!" అని నవ్వాడు.

కొడుకులు తలలు దించుకున్నారు. అప్పటికి చిన్నమ్మి తల కూడా నెరిసింది.

"దొర సెలవిచ్చేశాడు కదా, ఇంకా చూస్తారేటి? మావ తవ్విన కాలవలోంచే మావ పోతాడు" అంది.

వెళ్ళి తలుపు దించింది. మావ నాగళ్ళు చెక్కిన బాడిస చేతపట్టుకుని ఆ తలుపు మీద కూచుంది. నడుం లోతు నీళ్ళు మోకాలికి దిగాయి. మోకాలి నీళ్ళు బురదయ్యాయి. పాడెకి నాలుగు భుజాలు కావాలి. కొడుకులు ముగ్గురే, మనవలు కట్టెలతో ముందే వల్లకాటికి పోయారు. ఆ నీళ్ళతో బతికిన ఊరు గట్టున నిలబడి చూసిందే గాని నాలుగో భుజం రాలేదు. సిగ్గులేని ఊరు! రెండో కోడలు కొంగు బిగించి తనే భుజం పెట్టింది.

దొర పొలంలో ఉడుపులు ఆగిపోయాయి. కర్రలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"ఎత్తవే తలుపు!"

"గవిరయ్య దాటాడా?"

"దాటాడు, దాటాడు! ఎత్తు!"

"మీరు కాదు. దొర చెప్పాల."

దొర వచ్చాడు. గట్టు మీంచి అరిచాడు, "దాటాడే!"

"అక్కణ్ణించి నీకేటి కనిపిస్తాది? చెప్పులిప్పి దిగి, చూసి చెప్పు బాబూ."

దొర దిగాడు. బురదలో నలుగురి అడుగులూ అవతలి ఒడ్డు దాకా ఉన్నాయి. వల్లకాట్లో పొగ లేస్తోంది.

"దాటాడు" అన్నాడు, మెల్లగా.

చిన్నమ్మి సీల తిప్పింది.

ఆ రాయి మీద ఇప్పుడు బట్టలు ఉతుకుతాం. ఏటా తొలినీళ్ళకి మా ఇంటి పెద్దకోడలు తలుపు మీద కూచుంటుంది. ఊళ్ళో అందరికన్నా పెద్ద ఆసామి చెప్పులు విప్పి కాలవలో దిగాలి. "గవిరయ్య దాటాడా?" అని మూడుసార్లు అడుగుతాం. మూడుసార్లూ చెప్పాలి.

పోయినేడు ఒకాయన గట్టు మీంచే, ఫోను చెవిన పెట్టుకుని "దాటాడు" అని గొణిగాడు. నేను కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఫోను జేబులో పెట్టాడు. చెప్పులు విప్పాడు. "దాటాడమ్మా" అన్నాడు.

అప్పుడు తిప్పాను సీల.